నడికట్టు వెల

నా పేరు తొమే. మా భాషలో, ఆగు అని.
వరసగా ఆరుగురు ఆడపిల్లల తర్వాత
ఏడోదాన్ని నేను పుడితే
మా నాన్న దేవుడికి పెట్టుకున్న అర్జీ అది.
దేవుడు చదవలేదు. నా వెనకే ఇంకొకతి దిగింది.
దానికి సుయే అని పెట్టారు, ఆఖరుది అని.

మా కామిజో పొలిమేరలో
దారి రెండుగా చీలే చోట ఒక రాయి.
రాతిలో ఒక ఆడ, ఒక మగ, భుజాలు రాసుకుంటూ.
ఆమె చేతిలో సాకే కూజా, అతని చేతిలో గిన్నె.
దెయ్యమైనా, అప్పులవాడైనా,
పక్క లోయలో పుట్టిన జ్వరమైనా
అక్కడ ఆగి, తానెవరి తాలూకో చెప్పుకోవాలి.
వాళ్లేమో ఎప్పుడు చూసినా
ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ ఉండేవాళ్లు.
కావలివాళ్లు దారి వైపు కదా చూడాలి అంటే
మా అమ్మమ్మ నవ్వేది:
"కాపురం సవ్యంగా ఉన్న ఇంట్లోకి
దొంగ తొందరగా దూరడే పిల్లా."

దూరారు.
మోకాలి లోతు మంచు. నాకు పదమూడేళ్లు.
కట్టెలకని బయటికొచ్చాను.
నది అవతలి కవతే కుర్రాళ్లు ఆరుగురు,
గడ్డి తాళ్లు, మంచుబండి,
నవ్వు ఆపుకోలేక నోళ్లలో గుడ్డలు.
మా లోయలో అది నేరం కాదు.
జంటదేవుళ్లు చల్లగా చూసే ఊరి నుంచి
కలిసిరాని ఊరు వచ్చి ఎత్తుకుపోతుంది.
దొంగతనం అనరు, పెళ్లి అంటారు.
రాయిని చాపలో చుట్టారు, పసిబిడ్డని చుట్టినట్టు,
మెడ దగ్గర జాగ్రత్త పడుతూ.
తాడు పట్టుకున్నవాడు నన్ను చూశాడు.
చూసి, నడుం దాకా వంగి, దండం పెట్టాడు.
అంతవరకూ నాకెవరూ వంగలేదు.
నేను అరవలేదు.
కట్టెలు లెక్కపెట్టుకుని లోపలికొచ్చి
తలుపు వేశాను.

కొత్త రాయికి చందాలు వెయ్యాలన్నారు పెద్దలు.
వరి ఇంటికొచ్చాక చూద్దామన్నారు వాళ్లే.
మంచు కరిగి గుంటలో నీళ్లు నిలిచాయి,
నీళ్లలోకి కప్పలు చేరాయి.
సుయే గడ్డిపరకతో వాటిని అదిలించేది:
"ఇకనుంచి మీరే మా దేవుళ్లు.
సరిగ్గా కూర్చోండి."

నాట్లకు ముందు పొక్కుల జ్వరం వచ్చింది.
దారి అడగాల్సిన పని లేకపోయింది దానికి.
ఏడు గడపలు తొక్కి, మా ఇంట్లో
ఆఖరుదాన్ని అందరికంటే ముందు తీసుకుపోయింది.

ఎవరికీ చెప్పలేదు.

పంతొమ్మిదో ఏట నన్ను కవతేకే ఇచ్చారు.
దండం పెట్టినవాడికి కాదు. అతను అంతకుముందే
నదిలో దుంగలు తోలుతూ పోయాడట.
వంతెన దిగగానే అదే కూజా, అదే గిన్నె.
పక్కన కొత్తగా చెక్కిన అక్షరాలు.
మా ఆయన వేలితో తడుముతూ చదివాడు:
నడికట్టు వెల పదిహేను ర్యో.
మళ్లీ ఎవరైనా ఎత్తుకుపోతే
పెళ్లికూతురి పట్టు నడికట్టుకని ఇచ్చుకోవాల్సిన సొమ్మట.
"మరి మీరెంతిచ్చారు, మా ఊరికి?"
ఆయన గొడుగు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.
నా నడుముకున్నది నూలుది, రెండుచోట్ల అతుకు.

ఇప్పుడు నాకు డెబ్బై ఒకటి.
అమావాస్యకొకసారి వెళ్లి నాచు గీకుతాను.
ఆ వసంతంలో, మీరిక్కడ భుజాలు రాసుకుని నిలబడ్డప్పుడు,
నది అటువైపు నుంచి ఒక పిల్ల
నీళ్లు అడగడం వినబడిందా?
మొహాలు అరిగిపోయాయి.
ఇప్పుడు ఒకరినొకరు చూసుకుంటున్నారో
దారి వైపే చూస్తున్నారో
చెప్పడం కష్టం.

నిన్న సాయంత్రం ఇద్దరు కుర్రాళ్లు,
మా పుట్టింటి యాస,
రాయి చుట్టూ తిరుగుతూ జానలతో కొలుస్తున్నారు.
నన్ను చూసి చేతులు వెనక్కి పెట్టుకున్నారు.
నేను చీపురు చంకన పెట్టుకుని
వంగగలిగినంత వంగి
వాళ్లకు దండం పెట్టాను.
తాడు లావుది తెచ్చుకోండి నాయనా అన్నాను,
అడుగు బాగా లోతుకు దిగింది.